బ్యారెల్‌కు చిల్లు పెడితే తుపాకీ తన్నడం మానుతుందా?

పిస్టల్ పేలి బుల్లెట్ బ్యారెల్ మూతి దాటేసరికి, పైనున్న స్లైడ్ వెనక్కి జరిగే దూరం రెండు మిల్లీమీటర్ల లోపే. లెక్క తేలిక. 9 మి.మీ. బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు. స్లైడ్, బ్యారెల్ కలిపి అర కిలో దాకా ఉంటాయి. బుల్లెట్ పది సెంటీమీటర్లు ముందుకు పరుగెత్తే వేళకు, దానికి అరవై రెట్ల బరువున్న ఉక్కు ఆ దూరంలో అరవయ్యో వంతే వెనక్కి కదులుతుంది. చేతిని తన్నినట్టు, మూతి పైకి ఎగిరినట్టు మనకు తెలిసే వేళకు బుల్లెట్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

బ్యారెల్‌కు రంధ్రాలు పెట్టించుకోవాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. ఇంగ్లిషులో దీన్ని ‘పోర్టింగ్’ అంటారు. పోర్టింగ్ వల్ల మొదటి గుండు గురి మెరుగుపడదు. రెండో గుండు త్వరగా పేల్చడానికే అది పనికొస్తుంది. మూతి తక్కువగా ఎగిరితే మళ్లీ గురి కుదరడానికి పట్టే సమయం తగ్గుతుంది. దానివల్ల కలిగే లాభం అంతే. ఒక్కో గుండునూ తీరిగ్గా పేల్చేవారికి ఆ లాభం దాదాపు సున్నా.

తన్నడం వేరు, ఎగరడం వేరు

తుపాకీ ‘రికాయిల్’ అని ఒకే మాటతో చెప్పుకునేదాంట్లో రెండు కదలికలున్నాయి. ఒకటి అరచేతిలోకి సూటిగా వచ్చే తన్ను. రెండోది మూతి పైకి లేవడం. బ్యారెల్ మన పిడికిలికి పైన ఉంటుంది. తన్ను ఆ పైగీత మీదుగా వెనక్కి వస్తుంది, పట్టు మాత్రం కింద ఉంది. అందుకే తుపాకీ మొత్తం మణికట్టు చుట్టూ తిరిగి మూతి ఆకాశం వైపు లేస్తుంది.

బ్యారెల్ పైభాగాన, మూతికి కాస్త వెనక, రంధ్రాలు ఉంటే వాటిలోంచి వేడి గ్యాస్ పైకి చిమ్ముతుంది. తారాజువ్వ కిందికి నిప్పులు చిమ్ముతూ పైకి లేస్తుంది కదా, ఇక్కడ అదే పని తలకిందులుగా జరుగుతుంది. గ్యాస్ పైకి పోతుంది, మూతి కిందికి నొక్కుకుంటుంది. కాబట్టి పోర్టింగ్ ప్రధానంగా తగ్గించేది ఎగరడాన్ని. సూటిగా వచ్చే తన్ను మీద దాని ప్రభావం స్వల్పం. తన్నును తగ్గించాలంటే గ్యాస్‌ను పక్కలకో వెనక్కో మళ్లించాలి. ఫిరంగుల మూతికి, పెద్ద రైఫిళ్ల మూతికి బిగించే ‘మజిల్ బ్రేక్’ చేసే పని అదే. చేతి తుపాకీలో గ్యాస్‌ను వెనక్కి తిప్పితే అది వచ్చేది కాల్చేవాడి ముఖం మీదికే.

గ్యాస్ ఎంత ఉంటే ఫలితం అంత

తొమ్మిదో, పదో తరగతిలో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వ నియమాన్ని ఒక్కసారి బయటికి తీద్దాం. తుపాకీని వెనక్కి నెట్టేవి రెండు: బుల్లెట్, దాని వెనకే దూసుకొచ్చే గ్యాస్. రంధ్రాలు బుల్లెట్‌ను ఏమీ చేయలేవు. అవి మళ్లించగలిగేది గ్యాస్‌ను మాత్రమే, అందులోనూ కొంత భాగాన్ని.

9 మి.మీ. తూటాలో 8 గ్రాముల బుల్లెట్ సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. వెనక కాలిన మందు 0.4 గ్రాములు. మూతి దగ్గర గ్యాస్ వేగం సెకనుకు 1,200 మీటర్లని ఉజ్జాయింపుగా తీసుకుంటే, మొత్తం తన్నులో గ్యాస్ వాటా 15 శాతం దగ్గర తేలుతుంది. అదే .45 ఏసీపీ తూటాలో బుల్లెట్ బరువు 15 గ్రాములు, వేగం తక్కువ, మందు 0.33 గ్రాముల వరకు. గ్యాస్ వాటా 10 శాతానికి దిగిపోతుంది. ఇక .44 మాగ్నమ్‌లో బరువైన బుల్లెట్ వెనక ఒకటిన్నర గ్రాముల మందు కాలుతుంది. అక్కడ గ్యాస్ వాటా 20 శాతం దాటుతుంది.

ఈ మూడు అంకెలు చూస్తే ఎవరి తుపాకీకి పోర్టింగ్ అర్థవంతమో చాలావరకు తెలిసిపోతుంది. మందు ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ ఉన్న మాగ్నమ్ రివాల్వర్లలో తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. .45లో తేడా వెతుక్కోవాలి. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ వారు వీ-10 అనే పొట్టి .45 పిస్టల్‌ను పది రంధ్రాలతో తీసుకొచ్చారు. పేరులోని 10 ఆ రంధ్రాల సంఖ్యే. బ్యారెల్ పొట్టిది కాబట్టి మూతి దగ్గర ఒత్తిడి కాస్త ఎక్కువే మిగులుతుందన్నది నిజమే. అయినా అతి తక్కువ గ్యాస్ ఉన్న తూటాకు అన్ని రంధ్రాలు పెట్టడం నాకు సమంజసంగా అనిపించదు.

సెకనులో పద్నాలుగు వేలవ వంతు

రంధ్రం మూతికి పాతిక మిల్లీమీటర్లు వెనక ఉందనుకోండి. 9 మి.మీ. బుల్లెట్ ఆ దూరం దాటడానికి పట్టేది సెకనులో పద్నాలుగు వేలవ వంతు. బుల్లెట్ ఇంకా గొట్టంలో మూతలా ఉన్నప్పుడు రంధ్రం గుండా గ్యాస్ పూర్తి ఒత్తిడితో చిమ్మేది ఆ కాసేపే. బుల్లెట్ బయటపడ్డాక గ్యాస్‌కు ముందు దారి కూడా తెరుచుకుంటుంది, రంధ్రాల వాటా తగ్గిపోతుంది. రంధ్రాలను ఇంకా వెనక్కి, తూటా కూర్చునే చాంబర్ వైపు జరిపితే గ్యాస్ ఎక్కువ దొరుకుతుంది. కానీ బుల్లెట్‌ను తోసే ఒత్తిడి అంతకంతకూ ముందుగానే జారిపోయి వేగం పడిపోతుంది. ఈ బేరంలో ఎక్కడ ఆగాలన్నదే పోర్టింగ్ చేసేవారి నేర్పు.

ఫిరంగి నుంచి చేతికి

ఈ ఆలోచన పుట్టింది చేతి తుపాకీల కోసం కాదు. 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి ఫిరంగి దళ అధికారి త్రయ్ ద బోల్యూ ఫిరంగి గొట్టానికి రంధ్రాలు పెట్టి తన్నును తగ్గించవచ్చని చూపించాడు. చేతుల్లో పట్టుకునే ఆయుధాల విషయంలో దీనికి పేరు తెచ్చినవాడు అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన రిచర్డ్ కట్స్. 1920లలో ఆయన రూపొందించిన ‘కట్స్ కాంపెన్సేటర్’ను 1928 నమూనా థాంప్సన్ సబ్‌మెషీన్ గన్ మూతికి బిగించారు. పైన చీలికలున్న చిన్న గొట్టం అది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల సంఖ్యలో తుపాకులు కావలసి వచ్చినప్పుడు ఖర్చు తగ్గించడానికి తీసేసిన భాగాల్లో అదీ ఒకటి. ఎం1ఏ1 థాంప్సన్‌కు కట్స్ కనిపించదు.

సోవియట్ వాళ్లు ఇదే పనిని ఇంకా పొదుపుగా చేశారు. 1959 నాటి ఏకేఎం రైఫిల్ మూతికి ఏటవాలుగా కోసిన చిన్న ఉక్కు గొట్టం ముక్కను బిగించారు. గ్యాస్ పైకి, కుడివైపుకు పోతుంది, మూతి కిందికి, ఎడమకు నొక్కుకుంటుంది. కుడిచేతివాటం సిపాయి వరస కాల్పులు జరిపితే రైఫిల్ పైకి, కుడికి జరిగే స్వభావానికి అది విరుగుడు.

ఒక జంట చేసిన మేలు

బ్యారెల్‌కు రంధ్రం చేయడంలో అసలు చిక్కు డ్రిల్లుతో వస్తుంది. లోపల బుల్లెట్‌ను తిప్పే మెలితిరిగిన గాడులు ఉంటాయి. డ్రిల్ ముక్కు అవతలికి వచ్చేచోట ఉక్కు అంచు ముళ్లలా లేచి నిలబడుతుంది. ప్రతి బుల్లెట్ ఆ ముళ్లకు గీసుకుంటూ వెళ్తుంది. గురి చెడుతుంది, సీసం అక్కడే పేరుకుంటుంది.

దీనికి మందు దొరికింది తుపాకులతో సంబంధం లేని చోట. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్ లజరెంకో, నతాల్యా లజరెంకో అనే భార్యాభర్తలు విద్యుత్ స్పర్శ బిందువులు నిప్పురవ్వల వల్ల ఎందుకు అరిగిపోతున్నాయో, ఆ అరుగుదలను ఎలా ఆపాలో చూస్తున్నారు. ఆపలేకపోయారు గానీ, ఆ అరుగుదలనే అదుపులో పెట్టి లోహాన్ని కోయవచ్చని గ్రహించారు. ఈరోజు ప్రతి పెద్ద టూల్ రూములో కనిపించే ఈడీఎం యంత్రం అలా పుట్టింది. పనిముట్టు లోహాన్ని తాకదు. నూనెలాంటి ద్రవంలో వేల నిప్పురవ్వలు ఒకటి తర్వాత ఒకటి లోహాన్ని అణువణువుగా తినేస్తాయి. ఎంత గట్టి ఉక్కైనా సరే. అంచుకు ముళ్లు లేవవు.

అమెరికాలోని మిచిగన్‌లో లారీ కెల్లీ 1970లలో ఈ పద్ధతినే బ్యారెళ్లకు వాడి ‘మాగ్‌-నా-పోర్ట్’ అనే వ్యాపారం నిలబెట్టాడు. ఆయన స్వయంగా చేతి తుపాకీతో పెద్ద జంతువుల వేటకు వెళ్లేవాడు. .44 మాగ్నమ్ తన్ను ఎలా ఉంటుందో ఆయనకు మణికట్టు చెప్పింది. ఆయన పోర్టింగ్ ఇలా ఉంటుంది: ముందు గురికి (ఫ్రంట్ సైట్‌కు) రెండు పక్కలా చెరో రంధ్రం, నాలుగు పలకల ఆకారంలో, మూతికి దగ్గరగా. ఈ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే, ఎవరు చేసిన పోర్టింగ్‌నైనా ఆ పేరుతోనే పిలిచే షూటర్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

కన్ను, చెవి, ఊపిరి

లాభం పక్కన రాసుకోవలసిన ఖర్చు చాలామంది ఊహించినదానికంటే పెద్దది. ఇక్కడ కాసేపు ఆగుదాం.

మొదటిది వెలుగు. మామూలు పిస్టల్‌లో మంట మూతి ముందు వెలుగుతుంది, అదీ కాల్చేవాడికి కొంత చాటుగా. పోర్టులున్న పిస్టల్‌లో మంట సరిగ్గా ముందు గురికి పక్కనే, చూపు నిలిచి ఉన్న చోటే, పైకి లేస్తుంది. పగటి ఎండలో పట్టించుకోనక్కర్లేదు. చీకటి గదిలో కళ్లు చీకటికి అలవాటు పడి ఉన్నప్పుడు ఆ మెరుపు చూపును చెదరగొడుతుంది. ఆధునిక తూటాల్లో మంట తగ్గించే మందు వాడతారు కాబట్టి పాతకాలమంత భయం లేదని కొందరంటారు. తూటాను బట్టి అది కొంత నిజం. కానీ ఆత్మరక్షణకు తుపాకీ పెట్టుకున్నవాడికి అవసరం పడిన రాత్రి చేతికి ఏ తూటా అందుతుందో చెప్పలేం.

రెండోది మరీ ముఖ్యం. మీదపడుతున్న మనిషి నుంచి కాపాడుకోవడానికి పిస్టల్‌ను పక్కటెముకలకు ఆనించి, నడుము దగ్గరే పెట్టుకుని కాల్చే పద్ధతిని అమెరికా పోలీసు శిక్షణలో నేర్పుతారు. ఆ స్థితిలో పోర్టుల నోళ్లు తెరుచుకునేది కాల్చేవాడి గడ్డం, కళ్ల వైపు. వేడి గ్యాస్‌తో పాటు కాలని మందు రేణువులు, బుల్లెట్ తొడుగు నుంచి గీసుకుపోయిన రాగి, సీసపు తునకలు కూడా వస్తాయి. కళ్లద్దాలు పెట్టుకుని రేంజికి వెళ్లేవాళ్లం మనం. అర్ధరాత్రి తలుపు చప్పుడుకు లేచినవాడు కళ్లద్దాలు వెతుక్కోడు. ఒంటి మీద దాచుకుని తిరిగే ఆత్మరక్షణ తుపాకీకి పైకి చిమ్మే పోర్టులు వద్దని నేననేది ఈ ఒక్క కారణానికే. మిగతా కారణాలన్నీ దీని తర్వాతే.

మూడోది చెవి. చేతి తుపాకీ పేలుడు ఎలాగూ 140 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క మోతతోనే వినికిడికి శాశ్వతంగా హాని కలగగల హద్దు అది. గ్యాస్ ముందుకు పోతున్నప్పుడు ఆ మోతలో ఎక్కువ భాగం ముందుకే పోతుంది. పైకి, పక్కలకు తిప్పితే అది కాల్చేవాడి చెవుల వైపు, పక్క లైన్‌లో నిల్చున్నవాడి చెవుల వైపు మళ్లుతుంది. పైకప్పు ఉన్న ఇండోర్ రేంజిలో పోర్టులున్న మాగ్నమ్ పక్కన నిలబడినవారికి పేలిన ప్రతిసారీ గాలి ముఖానికి కొట్టినట్టుంటుంది. అక్కడ గాలిలో కలిసే సీసపు ధూళి సంగతి సరేసరి. గాలి సరిగా ఆడని రేంజిలో అది ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

శుభ్రం చేయడం కూడా ఎక్కువ పని. రాగి తొడుగు లేని ఉత్త సీసపు బుల్లెట్లు వాడితే పోర్టు అంచుల్లో సీసం గట్టిపడుతుంది. ముందు గురి మీద మసి పడుతుంది, తెల్లచుక్క నల్లచుక్క అవుతుంది.

స్ప్రింగు అలిగితే

రివాల్వర్‌కు పోర్టులు పెట్టినా దాని పని తీరు మారదు, చక్రం తిప్పేది మన వేలే కాబట్టి. ఆటోమేటిక్ పిస్టల్ కథ వేరు. తన్నుతోనే అది పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని విసిరేసి కొత్త తూటాను ఎక్కిస్తుంది. తన్నును తగ్గిస్తే దాని తిండిని తగ్గించినట్టే. బలహీనమైన తూటాతో స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక మధ్యలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే కొందరు మెత్తని స్ప్రింగు వేసుకుంటారు. గ్లాక్ వారి 17సీ లాంటి ఫ్యాక్టరీ నమూనాల్లో బ్యారెల్‌కు పోర్టులు, వాటి ఎదురుగా స్లైడ్‌కు కిటికీలు కలిపే రూపొందించారు. ‘సీ’ అంటే కాంపెన్సేటెడ్. బయట ఎవరో చిల్లులు పెట్టిన పిస్టల్‌కు, ఇలా పుట్టినప్పుడే ఆలోచించి చేసినదానికి నమ్మకంలో తేడా ఉంటుంది.

పోటీల్లో వింత బేరం

పోర్టింగ్‌కు నిజమైన రాజ్యం ఐపీఎస్‌సీ అనే షూటింగ్ సంస్థ పోటీల ఓపెన్ విభాగం. 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం కొలంబియాలో ఈ సంస్థ పుట్టింది, జెఫ్ కూపర్ తొలి అధ్యక్షుడు. 1980ల మొదట్లో రాబ్ లేథమ్, బ్రయన్ ఎనోస్ 1929 నాటి పాత .38 సూపర్ తూటాను మళ్లీ బయటికి తీసి, మూతికి కాంపెన్సేటర్ బిగించిన పిస్టళ్లతో పోటీలను ఊపేశారు. కారణం పైన చెప్పిన లెక్కే: .45 కంటే ఆ తూటాలో ఒత్తిడి ఎక్కువ, గ్యాస్ ఎక్కువ, కాంపెన్సేటర్‌కు పని దొరుకుతుంది.

ఇక్కడ ఒక నిబంధన ఉంది. తూటా బలాన్ని ‘పవర్ ఫ్యాక్టర్’గా కొలుస్తారు. గ్రెయిన్లలో బుల్లెట్ బరువును సెకనుకు అడుగుల్లో వేగంతో గుణించి వెయ్యితో భాగించాలి. ఓపెన్‌లో ‘మేజర్’ హోదాకు 160 కావాలి. 115 గ్రెయిన్ల బుల్లెట్ 1,400 అడుగుల వేగంతో వెళ్తే 161, గట్టెక్కినట్టే. బ్యారెల్‌కు రంధ్రాలు పెట్టాక వేగం 1,360కి పడితే 156 అవుతుంది, షూటర్ ‘మైనర్’లోకి జారిపోతాడు. లక్ష్యంలో నడిమి ‘ఏ’ గడికి ఎవరికైనా ఐదు మార్కులే. దాని పక్కనున్న ‘సీ’ గడికి మేజర్‌కు నాలుగు, మైనర్‌కు మూడు. అందుకని పోయిన వేగాన్ని పూడ్చడానికి మందు పెంచుతారు. మందు పెరిగితే గ్యాస్ పెరుగుతుంది, ఆ గ్యాస్ రంధ్రాలకు, కాంపెన్సేటర్‌కు మరింత బలాన్నిస్తుంది. మూతి మునుపటికంటే నిలకడగా ఉంటుంది. చప్పుడు మాత్రం భరించలేనంత. అదే సంస్థ ప్రొడక్షన్ విభాగంలో పోర్టులు పూర్తిగా నిషిద్ధం.

ఒలింపిక్స్‌లో ఏం జరిగింది?

25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో ఐదు లక్ష్యాలపై ఐదు గుళ్లు పేల్చాలి. చివరి వరసకు దొరికే సమయం నాలుగు సెకన్లే. మూతి ఎగిరితే పోటీ పోయినట్టే. ఒకప్పుడు దీనికి .22 షార్ట్ అనే అతి చిన్న తూటా, రంధ్రాల బ్యారెళ్లు వాడేవారు. 2005లో నిబంధనలు మారి .22 లాంగ్ రైఫిల్ తూటా తప్పనిసరి అయింది, రంధ్రాల బ్యారెళ్లకు చోటు పోయింది. ఆ కొత్త పద్ధతిలోనే 2012 లండన్‌లో మన సైనికుడు విజయ్ కుమార్ రజతం గెలిచాడు. ఫైనల్లో 30 కొట్టాడు, 34 కొట్టిన క్యూబా షూటర్ లూరిస్ పూపోకు స్వర్ణం.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చింది. ఆ పోటీలోనూ పోర్టులకు అనుమతి లేదు. పిడికిలి, మణికట్టు, ఏళ్ల సాధన, అంతే ఆమె కాంపెన్సేటర్. ఆమె పాల్గొనే మరో పోటీ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చూస్తే మాత్రం చిత్రంగా ఉంటుంది. తన్ను దాదాపు లేని ఆ గాలి పిస్టళ్లకు రంధ్రాల బ్యారెళ్లు సర్వసాధారణం. స్టెయర్ ఎల్‌పీ10 అందుకు పేరుమోసిన ఉదాహరణ. అక్కడ పెల్లెట్ వెనకున్న గాలిని మూతి చేరకముందే కొంత వదిలేస్తారు. పెల్లెట్ బయటపడే క్షణంలో గాలి దాన్ని కుదపకుండా ఉండటానికి, మూతి రవ్వంత కూడా లేవకుండా ఉండటానికి.

అదే చిల్లు, మరో పని

జర్మనీ హెక్లర్ అండ్ కోచ్ వారి ఎంపీ5ఎస్‌డీ సబ్‌మెషీన్ గన్ బ్యారెల్‌కు 30 రంధ్రాలుంటాయి. వాటికి తన్నుతో సంబంధం లేదు. గ్యాస్‌ను ముందే వదిలేసి బుల్లెట్ వేగాన్ని ధ్వని వేగం కంటే తగ్గించడానికి అవి. బ్యారెల్ చుట్టూ ఉన్న సైలెన్సర్ ఆ గ్యాస్‌ను మింగుతుంది. మామూలు పోర్టులున్న పిస్టల్‌కు సైలెన్సర్ బిగిస్తే ఫలితం శూన్యం, మోత రంధ్రాల్లోంచే బయటపడుతుంది.

బరువే పాత మందు

తన్నుకు అన్నిటికంటే నమ్మకమైన విరుగుడు బరువు. స్మిత్ అండ్ వెసన్ 2003లో తెచ్చిన మోడల్ 500 రివాల్వర్‌కు మూతి దగ్గర కాంపెన్సేటర్ ఉంది. అయినా పొడుగు బ్యారెల్ నమూనాను సుమారు 2 కిలోల బరువుతో చేయాల్సి వచ్చింది. దానికి పూర్తి వ్యతిరేకం మన కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 2014లో మహిళల కోసమని తెచ్చిన ‘నిర్భీక్’. .32 తూటా, అర కిలో బరువు. ఆ తూటాలో మందే చిటికెడు, మళ్లించడానికి గ్యాస్ దాదాపు లేదు. దాని బ్యారెల్‌కు ఎవరైనా పోర్టింగ్ చేస్తామంటే డబ్బు దండగ అని చెప్పడానికి ఎక్కువ లెక్కలు అక్కర్లేదు.

మన దగ్గర కథ

9 మి.మీ., .45 లాంటి తూటాలు మన దేశంలో సామాన్య లైసెన్సుదారుకు దక్కవు, అవి నిషేధిత బోర్లు. కాబట్టి పోర్టింగ్ ప్రయోజనం ఉన్న తుపాకీ మనలో చాలా కొద్దిమంది చేతికే వస్తుంది. వచ్చినా, 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధాన్ని మార్చడానికి, మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు కావాలి. ఆయుధం అన్న మాటలో దాని విడిభాగాలు కూడా చేరతాయి. వెల్డింగ్ షాపులో చిల్లు పెట్టించుకోవడం నేరం. అమెరికాలో పిస్టల్ ఉన్నవాళ్లు పాత బ్యారెల్‌ను దాచుకుని పోర్టులున్న మరో బ్యారెల్ విడిగా కొంటారు, నచ్చకపోతే మార్చేస్తారు. రివాల్వర్ బ్యారెల్ ఫ్రేములోకి బిగించి ఉంటుంది కాబట్టి అక్కడ కూడా ఆ వెసులుబాటు అంత తేలిక కాదు. ఒకసారి కోసిన రంధ్రాన్ని పూడ్చడం ఎవరి వల్లా కాదు, బ్యారెల్ మొత్తం మార్చాల్సిందే.